టైల్ వేరు, గోడ వేరు: స్నానాల గదిలో గ్రాబ్ బార్ బిగించిన ప్రాజెక్టు డైరీ

శనివారం ఉదయం: పని ఏమిటంటే

అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. స్నానాల గదిలో లేచేటప్పుడు, కూర్చునేటప్పుడు పట్టుకోవడానికి గట్టి ఆసరా కావాలి. షవర్ పక్క గోడకు 60 సెంటీమీటర్ల స్టీల్ గ్రాబ్ బార్ ఒకటి, వాష్ బేసిన్ పైన మందులూ బ్రష్షులూ పెట్టుకోవడానికి చిన్న గాజు షెల్ఫ్ ఒకటి. ఇదీ ప్రాజెక్టు. గ్రాబ్ బార్‌కు రెండు చివరలా గుండ్రటి ప్లేట్లు ఉన్నాయి, ఒక్కో ప్లేటుకు మూడు స్క్రూలు. షెల్ఫ్‌కు రెండు బ్రాకెట్లు, ఒక్కోదానికి రెండు. అన్ని బెజ్జాలూ టైల్ మీదుగా పోవాల్సినవే.

టవల్ రాడ్ ఊడితే తువ్వాలు కింద పడుతుంది, అంతే. గ్రాబ్ బార్ ఊడితే మనిషి పడుతుంది. అందుకే జిగురుతో అంటించేవి, రబ్బరు కప్పులతో పట్టుకునేవి ఆలోచనలోకే రానివ్వలేదు. స్క్రూ టైల్ దాటి, దాని వెనకున్న సిమెంటు పూత దాటి, ఇటుకలోకి దిగాలి.

పని మొదలుపెట్టే ముందే ఒక మాట రాసిపెట్టుకుంటున్నాను, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దీన్నుంచే వచ్చాయి. బెజ్జం వేస్తుంటే టైల్ పగులుతుందేమోనని అందరికీ టెన్షన్. నేను దగ్గర్నుంచి చూసిన పగుళ్లలో మాత్రం చాలావరకు బెజ్జం పూర్తయ్యాకే వచ్చాయి. స్క్రూ బిగిస్తుంటే, దానికి పట్టు కోసం బెజ్జంలో ముందే దూర్చిన ప్లాస్టిక్ ప్లగ్ ఉబ్బుతుంది. గోడను పట్టుకోవడానికి అది ఉబ్బాల్సిందే. కానీ అది టైల్ మందంలో కూర్చుని ఉంటే, ఆ ఉబ్బు టైల్‌ను లోపల్నుంచి చీలుస్తుంది. కాబట్టి టైల్‌లో బెజ్జం ఒక పని, గోడలో బెజ్జం ఇంకో పని. డ్రిల్‌కు బిగించే బిట్ వేరు, సైజు వేరు, పద్ధతి వేరు. టైల్ మీద ఏ బరువూ, ఏ ఒత్తిడీ పడకూడదు. స్క్రూ దానిలోంచి ఊరికే వెళ్లిపోవాలి.

శనివారం మధ్యాహ్నం: ఏ టైల్ అది?

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన టైళ్లు అటక మీద ఉన్నాయి. రెండు గోడలవీ ఒక్కోటి దింపి, వెనక్కి తిప్పి, మీద ఒక నీటి చుక్క వేశాను. షవర్ గోడ టైల్ వెనక భాగం ఎర్రమట్టి రంగులో ఉంది, చుక్కను చూస్తుండగానే పీల్చేసుకుంది. బేసిన్ గోడ టైల్ వెనక బూడిద తెలుపు, చుక్క అలాగే ముత్యంలా నిలబడింది.

మొదటిది మామూలు సిరామిక్ వాల్ టైల్. రెండోది విట్రిఫైడ్. ఐఎస్ఓ 13006 ప్రమాణంలో టైళ్లను విడగొట్టేదే ఈ నీరు పీల్చే గుణాన్ని బట్టి. గోడలకు వాడే గుల్ల సిరామిక్ తన బరువులో 10 శాతానికి మించి నీరు పీలుస్తుంది. విట్రిఫైడ్ రకం 0.5 శాతం దాటదు. డ్రిల్ చేసేవాడికి ఈ అంకెలు చెప్పే సంగతి ఒకటే: మొదటిదానిలో గట్టిగా ఉండేది పైనున్న గాజు పూత మాత్రమే, అది దాటితే లోపల మెత్తన. రెండోది పై నుంచి కింది దాకా ఒకే గట్టిదనం.

అందుకే "టైల్ బిట్" అని ఒకే పేరుతో అమ్మే రెండు రకాల్లో ఏది కొనాలన్నది టైల్‌ను చూశాకే తేల్చాలి. బల్లెం మొనలా ఉండే కార్బైడ్ బిట్ గాజు పూతను గీరుతూ లోపలికి పోతుంది. సిరామిక్‌కు అది చాలు. విట్రిఫైడ్ మీద అదే బిట్ పెడితే కాసేపటికి మొన అరిగిపోయి, తొలవడం ఆగి, రాపిడితో వేడెక్కడం మొదలవుతుంది. ఆ టైల్ నిండా క్వార్ట్జ్ రేణువులుంటాయి, వాటి గట్టిదనం 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో 7. కార్బైడ్ అంతకన్నా గట్టిదే అయినా పదునైన అంచు అంతసేపు నిలవదు. అక్కడ 10 గట్టిదనమున్న వజ్రమే కావాలి. గొట్టంలా బోలుగా ఉండి, అంచున వజ్రపు రవ్వలు అతికించిన కోర్ బిట్.

మిగిలిన టైళ్ల మీద రెండూ పరీక్షించాను. టైల్ కింద చెక్క పలక పెట్టి, నాలుగు మూలలా ఆనేట్టు చూసుకుని తొలిచాను. సిరామిక్ మీద కార్బైడ్ బిట్ బాగానే దిగింది, అంచున మాత్రం సన్నటి పెచ్చులు లేచాయి. డైమండ్ బిట్ వేసిన బెజ్జం అంచు వేలితో తడిమితే నునుపుగా ఉంది. ప్లేటు కింద దాగే బెజ్జానికి ఇంత నునుపు దేనికని అనిపించవచ్చు. కారణం ఉంది. పలకలో గుండ్రటి బెజ్జం ఉంటే, పలకను ఒక వైపు లాగినప్పుడు ఆ బెజ్జం అంచున ఒత్తిడి మిగతా చోట్లకన్నా దాదాపు 3 రెట్లవుతుంది. దీన్ని కిర్ష్ అనే జర్మన్ ఇంజినీరు 1898లోనే లెక్కకట్టి చూపించాడు. టైల్ లాంటి పెళుసు పదార్థం నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. పైగా పెచ్చు లేచిన ప్రతి చోటా పగులుకు ఒక మొదలు దొరుకుతుంది. అంచు ఎంత శుభ్రంగా ఉంటే తర్వాత అంత నిశ్చింత. రెండు గోడలకూ డైమండ్ బిట్టే వాడాలని నిర్ణయించాను.

ఆదివారం: గోడను తట్టి చూడడం

టైల్ పగలడానికి రెండో పెద్ద కారణం వెనక ఖాళీ. టైల్ అంటించేటప్పుడు వెనకంతా సిమెంటు మసాలా పూయకుండా నాలుగైదు ముద్దలు పెట్టి నొక్కేస్తే, ఆ ముద్దల మధ్య గాలి మిగిలిపోతుంది. అక్కడ బిట్ నొక్కితే టైల్ వంగుతుంది, వంగిన టైల్ పగులుతుంది.

స్క్రూడ్రైవర్ పిడితో బార్ రాబోయే చోటంతా తట్టుకుంటూ వచ్చాను. నిండుగా అంటిన చోట ధ్వని పొట్టిగా, మొద్దుగా వస్తుంది. ఖాళీ ఉన్న చోట గుల్లగా మోగుతుంది. కుడి చివర నిండుగానే ఉంది. ఎడమ చివర ప్లేటు పడే టైల్ కింది మూల మాత్రం అరచేయంత మేర గుల్లగా మోగింది. ఆ మేరకు మాస్కింగ్ టేపుతో హద్దు గీశాను. బార్‌ను కొన్ని అంగుళాలు కుడికి జరిపితే రెండు ప్లేట్లూ నిండు చోట పడతాయి. జరిపితే అమ్మకు అందుతుందా అన్నదే ప్రశ్న.

అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, లేవబోతున్నట్టు చెయ్యి చాపమన్నాను. చెయ్యి సహజంగా ఎక్కడికి పోతుందో అక్కడే బార్ ఉండాలి. పుస్తకాల్లో చెప్పే ఎత్తు ఆమె ఎత్తుకు సరిపోకపోవచ్చు. "ఇక్కడ పెట్టరా, ఇక్కడైతే చెయ్యి తిన్నగా పడుతోంది" అని తనే వేలితో చూపించింది. ఆ చోటు నేను జరుపుదామనుకున్న వైపే ఉంది.

తర్వాత పైపులు, వైర్లు. గోడలో దాగిన నీళ్ల పైపులు ఎక్కువగా ట్యాపుల నుంచి, షవర్ మిక్సర్ నుంచి నిట్టనిలువుగా పోతాయి. వైర్లు స్విచ్చు, గీజర్ పాయింట్ల నుంచి నిలువుగానో అడ్డంగానో పోతాయి. కాబట్టి మిక్సర్‌కు సూటిగా పైన, కింద ఉన్న పట్టీనీ, గీజర్ పాయింటు కింది పట్టీనీ ముట్టకూడదని గీత గీసుకున్నాను. టైళ్లు అంటించకముందు గోడల ఫొటోలు తీసి ఉండడం బాగా కలిసొచ్చింది, పైపు దారి వాటిలో స్పష్టంగా ఉంది. గోడలోని లోహాన్నీ వైర్లనూ పసిగట్టే డిటెక్టర్‌తోనూ ఒకసారి చూశాను. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా సరే, టైళ్లు వేయకముందు ప్రతి గోడకూ పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీసుకోండి. తర్వాత ఏ పరికరమూ అంత కచ్చితంగా చెప్పదు.

ఆదివారం సాయంత్రం: గుర్తులు

టైళ్ల మధ్య సందును నింపే గ్రౌట్ గీత మీద డ్రిల్ చేస్తే టైల్‌కు ఏమీ కాదని చాలామంది చెప్తారు. గీత వెడల్పు బిట్ కన్నా ఎక్కువైతే ఆ మాట నిజమే. మా గీతలు 2 మిల్లీమీటర్లు, బిట్ 10 మిల్లీమీటర్లు. గీత మీద పెడితే బిట్ రెండు టైళ్ల అంచులనూ ఒకేసారి కొరుకుతుంది. టైల్‌కు అన్నిటికన్నా బలహీనమైన చోటు అంచే. పైగా నీళ్ల గోడలో గ్రౌట్‌ను కదపడం మంచిది కాదు. నేను పెట్టుకున్న హద్దు: ఏ బెజ్జమైనా టైల్ అంచు నుంచి కనీసం 25 మిల్లీమీటర్లు లోపల ఉండాలి, మూలల నుంచి ఇంకా దూరం.

గ్రాబ్ బార్ ప్లేటు గుండ్రం కావడం ఇక్కడ పనికొచ్చింది. ప్లేటును ఇటూ అటూ తిప్పి చూస్తే మూడు బెజ్జాలూ ఒకే టైల్‌లో, అంచుకు దూరంగా పడే కోణం దొరికింది. రసమట్టం పెట్టి బార్ అడ్డంగా సరిగ్గా ఉందో చూసి, మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద సన్న పెన్సిల్‌తో గుర్తులు పెట్టాను. టేపు వల్ల ముఖ్యమైన లాభం గుర్తు చెదరకపోవడం, మొదట్లో బిట్ కాస్త తక్కువ జారడం. పగుళ్లను అది ఆపదు. ఆ నమ్మకంతో గట్టిగా నొక్కకూడదు.

మేకు పెట్టి సుత్తితో చిన్న గంటు కొట్టుకోమనే సలహా కూడా వినిపిస్తుంది. గాజు పూత మీద ఒక్క దెబ్బ చాలు, కంటికి కనిపించని నక్షత్రంలాంటి పగులు పడుతుంది. తర్వాత బెజ్జం ఎంత జాగ్రత్తగా వేసినా అది పాకుతుంది. ఆ పని చేయవద్దు.

తర్వాతి శనివారం: షవర్ గోడ

నీళ్లు వాడే పని కాబట్టి బ్యాటరీ డ్రిల్ తీసుకున్నాను. వైరున్న మెషిన్‌తో తడి గోడ దగ్గర నిలబడడం నాకు ఇష్టం లేదు. ఆ గదికి కరెంటు ఆపేశాం, నీళ్ల వాల్వు కట్టేశాం. కళ్లద్దాలు, మాస్కు పెట్టుకున్నాం. మెషిన్ మీది గుర్తును సుత్తి బొమ్మ నుంచి బిట్ బొమ్మకు తిప్పాను. టైల్ దాటేవరకు హ్యామర్ మోడ్ (దెబ్బలు కొడుతూ తిప్పే పద్ధతి) వైపు వెళ్లేది లేదు.

కోర్ బిట్‌కు మధ్యలో మొన ఉండదు. తిన్నగా ఆనించి తిప్పితే టైల్ మీద జారిపోయి అర్ధచంద్రాకారపు గీత పెట్టేస్తుంది. అది చెరిగేది కాదు. దీనికి రెండు దారులు. ఒకటి, బిట్‌ను 45 డిగ్రీలు వాల్చి, అంచులో ఒక వైపు మాత్రమే తగిలేలా పెట్టి, నెలవంకలా గాడి పడ్డాక మెషిన్‌ను తిప్పుతూనే మెల్లగా నిటారుకు తేవడం. రెండు, పలకకు అదే సైజు బెజ్జం వేసి, దాన్ని గోడకు అదిమి పట్టి, ఆ బెజ్జంలోంచి తొలవడం. చెయ్యి అలవాటైతే మొదటిదే వేగం. ప్లేటుకు మూడు బెజ్జాలు కచ్చితంగా కుదరాల్సిన చోట మాత్రం నేను పలకనే నమ్ముకున్నాను. ప్లైవుడ్ ముక్కకు ప్లేటు నమూనాలో మూడు బెజ్జాలు వేసి, రెండు వైపులా అంటుకునే టేపుతో గోడకు అతికించాను. ఒక్కో బెజ్జంలో గాడి పడ్డాక పలక తీసేసి, నీళ్లు కొడుతూ మిగతాది పూర్తి చేశాం.

తమ్ముడు స్ప్రే బాటిల్ పట్టుకున్నాడు. బిట్ కింద టైల్ మీద బంకమట్టితో చిన్న గట్టు కట్టాం, కొట్టిన నీరు అక్కడ కాస్త నిలిచి బిట్ అంచును తడుపుతూ ఉంటుంది. నీరు ఎందుకంటే, వజ్రం గట్టిదే కానీ వేడికి లొంగుతుంది. గాలిలో సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటితే పాడవడం మొదలవుతుంది. రవ్వలను పట్టి ఉంచే లోహపు పూత కూడా వేడికి వదులవుతుంది. నీరు ఇంకో పనీ చేస్తుంది: తొలిచిన పొడిని బయటికి మోసుకొస్తుంది. పొడి అక్కడే ఉండిపోతే బిట్ టైల్‌ను కొరకదు, పొడినే రుద్దుతూ కూర్చుంటుంది.

వేగం గురించి కొంత చెప్పాలి. కొలవాల్సింది మెషిన్ చుట్లను మాత్రమే కాదు, బిట్ అంచు టైల్ మీద ఎంత వేగంగా పరుగెడుతోందో చూడాలి. 10 మిల్లీమీటర్ల బిట్ నిమిషానికి 1000 చుట్లు తిరిగితే అంచు నిమిషానికి 31 మీటర్లు పోతుంది. అదే చుట్లతో 35 మిల్లీమీటర్ల బిట్ తిప్పితే 110 మీటర్లు. అందుకే బిట్ పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గించాలి. బిట్ పెట్టె మీద రాసిన చుట్ల సంఖ్యే ఆఖరి మాట.

నొక్కుడు విషయంలో చెవిని నమ్మవచ్చు. సరిగ్గా తొలుస్తుంటే ఒకే రకంగా గరగరమని వస్తుంది. కీచుమంటే పొడిబారిందనో, ఎక్కువ నొక్కుతున్నామనో అర్థం. కొన్ని సెకన్లు తొలిచి, బిట్ పూర్తిగా బయటికి తీసి, నీరు లోపలికి పోనిచ్చి, మళ్లీ. మెషిన్ బరువు కన్నా కొంచెం ఎక్కువ నొక్కితే చాలు. చేతిలో మెషిన్‌ను చాలా సన్నగా గుండ్రంగా ఊపుతూ ఉంటే అంచు మొత్తానికీ నీరు అందుతుంది.

ఎంత లోతు వెళ్లామన్నది కారే నీటి రంగు చెప్పేసింది. మొదట పాలలాంటి తెలుపు, అది గాజు పూత. కాసేపటికే ఇటుక రంగు, అది టైల్ లోపలి మట్టి. తర్వాత బూడిద రంగు వచ్చిందంటే వెనకున్న సిమెంటు తగిలినట్టే. ఆ రంగు మారబోయే ముందు చేతి ఒత్తిడి బాగా తగ్గించాలి. చివరి పొర పలచన, అక్కడ ముందుకు తోస్తే బిట్ ఒక్కసారిగా దూసుకుపోయి వెనక వైపు పెద్ద పెచ్చు ఊడుతుంది. టైల్ నిండుగా అంటి ఉంటే వెనకున్న మసాలా దాన్ని కాచుకుంటుంది, పోయిన ఆదివారం తట్టి చూసిన శ్రమకు ఫలితం ఇక్కడే.

బిట్ లోపల టైల్ బిళ్ల ఇరుక్కుంటుంది. పక్కనున్న సందులోంచి సన్న మేకుతో తోసేసి మళ్లీ మొదలుపెట్టాలి. దాన్ని అలాగే వదిలేస్తే తర్వాతి బెజ్జంలో బిట్ లోతుకు దిగదు.

ఎడమ ప్లేటు మూడు బెజ్జాలూ, కుడి ప్లేటు మూడూ మధ్యాహ్నానికి టైల్ దాటాయి. ఏ అంచునా పెచ్చు లేదు.

అదే రోజు సాయంత్రం: టైల్ దాటాక గోడ

ఇక్కడి నుంచి డైమండ్ బిట్ పని అయిపోయింది. ఇటుకలో దాన్ని వాడితే పొడి పట్టుకుని కదలదు. రాయి, ఇటుక తొలిచే 8 మిల్లీమీటర్ల బిట్‌కు మార్చాను. టైల్‌లో బెజ్జం 10, గోడలో 8. ఈ 2 మిల్లీమీటర్ల తేడా వల్ల గోడను తొలిచే బిట్ టైల్ అంచుకు తగలదు, తర్వాత స్క్రూ కూడా తగలదు.

లోతు లెక్క ఇలా కట్టాను. టైల్ 7 మిల్లీమీటర్లు, వెనక సిమెంటు పూత సుమారు 15. ఆ తర్వాతే ఇటుక. ప్లగ్ పొడవు 60. దాని పై అంచు టైల్ మందం దాటి లోపలికి పోవాలి, అంటే గోడ ముఖం నుంచి 7 దగ్గర మొదలై 67 దగ్గర ముగుస్తుంది. అందులో 45 మిల్లీమీటర్లు ఇటుకలో ఉంటాయి. బరువు మోసేది ఆ 45 మిల్లీమీటర్లే. ప్లేటు మందం 3, స్క్రూ పొడవు 80, కాబట్టి స్క్రూ మొన గోడలో 77 దాకా వెళ్లి ప్లగ్ చివరను దాటుతుంది. బెజ్జం లోతు 85, అడుగున పొడి చేరడానికి చోటు ఉండాలి కదా. బిట్ మీద 85 దగ్గర టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాను.

ఇటుక గోడ కాబట్టి ఇక్కడ కూడా హ్యామర్ వాడలేదు. మామూలు తిప్పుడుతోనే దిగింది. హ్యామర్ అదురు టైల్ పట్టును సడలించగలదు, పాత ఇటుకలో బెజ్జాన్ని అనవసరంగా వెడల్పు చేస్తుంది. ఇది పొడి పని కాబట్టి దుమ్ము బాగా లేస్తుంది. ఇటుక, సిమెంటు దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని. తమ్ముడు వాక్యూమ్ గొట్టం బెజ్జం కిందే పట్టి ఉంచాడు. తర్వాత బ్రష్షుతో లోపల రుద్ది, గాలి కొట్టి, మళ్లీ రుద్దాను. లోపల పొడి మిగిలితే ప్లగ్ ఇటుకను పట్టుకోదు, పొడిలో జారుతుంది.

గోడ లోపల బోలు బ్లాకులుంటే ఈ ప్లగ్ పనికిరాదు. వెనక ఖాళీలో విచ్చుకుని పట్టుకునే రకం ప్లగ్గో, రసాయన జిగురు యాంకరో కావాలి. బిట్ ఒక్కసారిగా ఖాళీలోకి జారితే అక్కడే ఆగి, ప్లగ్ మార్చుకోవాలి.

ఆదివారం: బేసిన్ గోడ, విట్రిఫైడ్

ఈ గోడ మీద నాలుగే బెజ్జాలు, సైజు కూడా చిన్నది. షెల్ఫ్‌కు 6 మిల్లీమీటర్ల ప్లగ్ చాలు కాబట్టి టైల్‌లో 8 వేశాను. పద్ధతి అదే, ఓపిక మాత్రం చాలా ఎక్కువ కావాలి. సిరామిక్‌లో గాజు పూత దాటగానే చేతికి తేలిక తెలుస్తుంది. ఇక్కడ ఆ తేలిక రాదు, మొదటి మిల్లీమీటరు ఎంత కష్టమో ఆఖరిదీ అంతే. నీటి రంగు కూడా చివరిదాకా తెలుపే, సిమెంటు తగిలాకే మారుతుంది.

మూడో బెజ్జం సగంలో బిట్ తొలవడం తగ్గించింది. వజ్రపు రవ్వల మధ్య లోహం నునుపు తేలి రవ్వల్ని కప్పేసినప్పుడు ఇలా అవుతుంది, బిట్ అరిగిపోయినట్టు కాదు. ఒక పాత ఇటుక ముక్కలో నీళ్లు పోస్తూ కాసేపు తొలిస్తే, ఆ గరుకుకు లోహం అరిగి కొత్త రవ్వలు బయటికి వస్తాయి. అలా చేశాక మళ్లీ మొదటిలాగే కొరికింది. ఈ సంగతి తెలియక చాలామంది బిట్ పారేస్తారు, లేదంటే ఇంకా గట్టిగా నొక్కుతారు. విట్రిఫైడ్ మీద గట్టిగా నొక్కడమే పగులుకు దగ్గరి దారి.

కుడి బ్రాకెట్ వెనక ఇటుక బదులు కాంక్రీటు స్తంభం తగిలింది. తిప్పుడు ఒక్కటే అక్కడ చాలదు. టైల్ పూర్తిగా దాటామని టార్చి వేసి చూసుకుని, బిట్ టైల్ అంచును ఏ వైపూ తాకడం లేదని నిర్ధారించుకుని, అప్పుడు హ్యామర్ మోడ్‌కు మార్చాను. 8 బెజ్జంలో 6 బిట్ కాబట్టి చుట్టూ ఒక్కో మిల్లీమీటరు ఖాళీ. మెషిన్‌ను ఊపకుండా తిన్నగా పట్టుకోవాలి. టైల్‌కు ఏమీ కాలేదు.

సోమవారం రాత్రి: బిగింపు

ప్లగ్‌ను సుత్తితో టైల్ ముఖం దాకా కొట్టి వదిలేయకూడదు. దాని కంటే సన్నటి స్క్రూడ్రైవర్ కాడతో మెల్లగా తోస్తూ, పై అంచు టైల్ వెనక్కి పోయేదాకా పంపాను. కొన్ని ప్లగ్‌లకు పైన వెడల్పు అంచు ఉంటుంది. బెజ్జం సరిగ్గా ప్లగ్ సైజుకే వేస్తే ఆ అంచు టైల్ ముఖం మీదే ఆగిపోతుంది. అలాంటిదైతే బ్లేడుతో కోసేయాలి.

టైల్ బెజ్జం చుట్టూ మిగిలిన ఖాళీలోకి న్యూట్రల్ సిలికాన్ ఎక్కించాను. వెనిగర్ వాసన వచ్చే రకం వాడలేదు, అది ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం లోహానికి మంచిది కాదు. సిలికాన్ ఉండగా నీరు స్క్రూ వెంట గోడలోకి పోదు. పైగా మెత్తటి పదార్థం కాబట్టి స్క్రూకూ టైల్‌కూ మధ్య కుషన్‌లా ఉంటుంది. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే. మామూలు ఇనుప స్క్రూ తుప్పు పడితే మరకతో పోదు. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఉబ్బు మళ్లీ టైల్ మీదే పడుతుంది.

ప్లేటుకూ టైల్‌కూ మధ్య పలచటి నైలాన్ వాషర్ వేశాను. మూడు స్క్రూలను వంతులవారీగా కొంచెం కొంచెం తిప్పుతూ వచ్చాను, ఒక్కదాన్నే పూర్తిగా బిగిస్తే ప్లేటు ఒక వైపు ఆని టైల్‌ను నొక్కుతుంది. మెషిన్ క్లచ్‌ను (ఎంత బలంగా బిగించాలో నియంత్రించే రింగు) అతి తక్కువ అంకె మీద పెట్టి మొదలుపెట్టి, చివరి చుట్లన్నీ చేత్తోనే. ప్లేటు కదలకుండా అయ్యిందంటే చాలు. ఇంకో అర చుట్టు తిప్పాలని చెయ్యి లాగుతుంది, అక్కడే ఆగాలి. గ్రాబ్ బార్ బలం గోడలోని ప్లగ్ పట్టు నుంచి రావాలి, ప్లేటు టైల్‌ను నొక్కడం నుంచి కాదు.

ప్లేటు చుట్టూ సిలికాన్ గీత గీస్తూ అడుగున చిన్న ఖాళీ వదిలాను. ఎప్పుడైనా వెనక నీరు చేరితే బయటికి రావడానికి దారి ఉండాలి. 24 గంటలు నీళ్లు తగలనివ్వలేదు.

బుధవారం: బరువు పరీక్ష

అమ్మ ముట్టుకోకముందు నేనే పరీక్షించాను. మొదట ఒక చేత్తో లాగాను, తర్వాత రెండు చేతులతో, ఆ తర్వాత మోకాళ్లు వంచి ఒంటి బరువంతా వేశాను. కిందికే కాదు, గోడ నుంచి బయటి వైపుకూ లాగాను. జారే మనిషి ఏ దిక్కుకు లాగుతాడో చెప్పలేం. తమ్ముడు ప్లేటు అంచు మీద పెన్సిల్ గీత గీసి చూస్తూ ఉన్నాడు, "అన్నయ్యా, గీత కదల్లేదు" అన్నాడు. టార్చిని టైల్‌కు పక్కవాటుగా పట్టి బెజ్జాల చుట్టూ చూశాను. సన్న పగులుంటే ఆ వెలుతురులో దారంలా కనిపిస్తుంది. ఎక్కడా లేదు.

మళ్లీ నెలకోసారి ఇదే పరీక్ష చేయాలని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టాను. వాషింగ్ మెషిన్ నీళ్ల గొట్టం కోసం వెనక గోడ విట్రిఫైడ్ టైల్‌లో 35 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి ఇంకా ఉంది. దానికి చేతి వాలు పద్ధతి కుదరదు, బిట్ పెద్దది కాబట్టి జారితే చేతి మణికట్టునే తిప్పేస్తుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో ముందే బెజ్జం వేసి, గోడకు ఇద్దరం పట్టుకుని తొలవాలి. వేగం నిమిషానికి 300 చుట్ల దగ్గర ఉంచి, నీళ్లు ఆపకుండా పోయడానికి స్ప్రే బదులు సన్న గొట్టం పెట్టాలి. ప్లైవుడ్ కోసి ఉంచాను.